నిర్ణయం తర్వాత నివేదిక: జంట జలాశయాల కథలో సైన్స్ ఎక్కడుంది?

(హైదరాబాద్‌లో విద్యార్థులు, స్థానికులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం "పర్యావరణ విధాన నిర్ణయాల్లో విజ్ఞానశాస్త్ర పాత్రను బలోపేతం చేయడం". చదవడానికే ఊపిరి సరిపోవడం లేదు. (నవ్వులు) ఇంత పెద్ద మాటను గాల్లో మాట్లాడితే మీకూ నాకూ ఒరిగేదేమీ లేదు. అందుకని మన ఊరి నీళ్ల దగ్గరే నిలబడి మాట్లాడతాను. మన జంట జలాశయాలు, గండిపేట, హిమాయత్‌సాగర్. గండిపేటను అధికారికంగా ఉస్మాన్‌సాగర్ అంటారు గానీ, గండిపేట నీళ్లు తాగి పెరిగామని చెప్పుకునేవాళ్లెవరూ ఆ పేరు వాడరు.

నేను చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తాను. పర్యావరణం విషయంలో మన దగ్గర శాస్త్రవేత్తలున్నారు, సంస్థలున్నాయి, నివేదికలైతే బీరువాల నిండా ఉన్నాయి. కానీ వాళ్లను పిలిచేది ఎప్పుడు? నిర్ణయం అయిపోయాక. పెళ్లయ్యాక జాతకాలు చూపించినట్టు. అప్పుడు ఏ సిద్ధాంతి అయినా ఏం చెప్తాడు? బాగానే ఉంది, చిన్న శాంతి చేయించండి అంటాడు. మన పర్యావరణ నివేదికల్లో "తగిన జాగ్రత్తలతో అనుమతించవచ్చు" అనే వాక్యం అలాంటి శాంతే.

ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. చనిపోయినవాళ్లు 15 వేల దాకా ఉంటారని అంచనా. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన 1909లో వచ్చారు. వచ్చీ రాగానే ఆనకట్ట ఎక్కడ కడదామని అడగలేదు. ఎంత వాన పడింది, ఎక్కడ పడింది, ఎన్ని గంటల్లో పడింది అని అడిగారు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12 అంగుళాలకు పైగా పడినట్టు లెక్క దొరికింది. తర్వాత నగరానికి ఎగువన ఉన్న చెరువులు లెక్కపెట్టారు. 788 ఉన్నాయి. అంటే దాదాపు చదరపు మైలుకో చెరువు. వాటిలో 221 తెగిపోయాయి.

ఈ 221 అనే అంకె దగ్గర కాస్త ఆగుదాం. ఎందుకంటే కారణం అక్కడే దొరికింది. వాన ఒక్కటే నగరాన్ని ముంచలేదు. పైనున్న చెరువు తెగి కింది చెరువు మీద పడింది, అది తెగి ఆ కింది దాని మీద పడింది. ఆ నీళ్లన్నీ ఒకేసారి నగరం మీదికొచ్చాయి. కారణం అదని తేలాక పరిష్కారం కూడా దాన్ని బట్టే వచ్చింది. ఊళ్లో నది గట్లకు గోడలు కట్టుకుంటే చాలదు, వరదను ఊరికి ఎగువనే పట్టి ఉంచి మెల్లగా వదలాలి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తయ్యాయి. వరద కోసం మొదలైన ఆలోచనకు తాగునీరు కూడా తోడైంది.

ముందు కొలత, తర్వాత కారణం, ఆ తర్వాత నిర్ణయం. రాజుల కాలం కాబట్టి సాగిందండీ, ఇప్పుడు ప్రజాస్వామ్యం, అంత సులువా అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే, ముంపులో ఊళ్లు పోయినవాళ్లను అప్పుడు ఎవరు అడిగారన్నది వేరే ప్రశ్న. కానీ పని జరిగిన వరస మాత్రం సరైన వరసే.

ఇక మన కాలానికి వద్దాం. 90ల నాటికి నగరం పశ్చిమానికి పాకుతోంది. జలాశయాల చుట్టూ ఫ్యాక్టరీలకు దరఖాస్తులు వస్తున్నాయి. వాటర్ బోర్డు ఒక నిపుణుల కమిటీ వేసింది. కమిటీ మధ్యంతర నివేదిక మీద 1994లో ఒక జీవో, ఇంకో నివేదిక మీద 1996 మార్చి 8న మరో జీవో వచ్చాయి. ఆ రెండోదే మీ అందరికీ తెలిసిన 111. జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, పెద్ద నివాస కాలనీలు రాకూడదని దాని సారాంశం. ఇక్కడా వరస సరిగ్గానే ఉంది చూడండి. కమిటీ ముందు, జీవో తర్వాత.

ఆ జీవో గట్టిదనం తొందరలోనే పరీక్షకు వచ్చింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనెల కంపెనీ స్థలం కొనుక్కుంది. ఆముదం నూనె నుంచి ఇతర ఉత్పత్తులు తీసే పరిశ్రమ. ఆ ప్రక్రియలో నికెల్ ఉత్ప్రేరకం వాడతారు, వ్యర్థాల్లో నికెల్ ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి కుదరదంది. కంపెనీ అప్పీలు అథారిటీకి వెళ్లింది. అక్కడ కంపెనీ తరఫున ఒక శాస్త్రజ్ఞుడి అఫిడవిట్ దాఖలైంది, ఇది పర్యావరణానికి హాని చేయని టెక్నాలజీ అని. అప్పీలు అథారిటీ దాన్ని నమ్మింది, అనుమతి ఇమ్మంది. ఈలోపు 1997లో ప్రభుత్వమే ఆ ఒక్క పరిశ్రమకు 10 కిలోమీటర్ల నిబంధన నుంచి మినహాయింపు కూడా ఇచ్చింది. తన జీవోను తనే పక్కన పెట్టేసిందన్నమాట.

ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసు. ఎన్విరాన్‌మెంటల్ లా చదివే పిల్లలకు దేశమంతా ఈ పేరు తెలుసు, కేసు మన శంషాబాద్‌దని మాత్రం మనవాళ్లకే చాలామందికి తెలియదు. 1999 జనవరి 27న జస్టిస్ మజ్ముదార్, జస్టిస్ ఎం. జగన్నాధరావుల ధర్మాసనం ఇచ్చిన తీర్పును సైన్స్ విద్యార్థులు కూడా చదవాలని నా కోరిక. ఎందుకంటే సైన్స్‌లో అనిశ్చితి అంటే ఏమిటో అందులో వివరంగా మాట్లాడారు.

నికెల్ వ్యర్థం భూమిలోకి ఇంకి, బండ పగుళ్ల గుండా పోయి, ఇన్నేళ్లకు హిమాయత్‌సాగర్‌లో చేరుతుందని నూటికి నూరు పాళ్లు చెప్పగల శాస్త్రవేత్త ఉండడు. చేరదని చెప్పగలవాడూ ఉండడు. మా భాష మీకు తెలుసు కదా: "కావచ్చు", "అవకాశం ఉంది", "ఇంకా పరిశీలించాలి". నేను నీళ్ల కెమిస్ట్రీ చదివినవాణ్ణి, జీవితమంతా ఈ మాటలతోనే గడిపాను. మేం "కావచ్చు" అంటే ఫైలు మీద అధికారి "రుజువు లేదు" అని రాసుకుంటాడు. రుజువు లేదు కాబట్టి అనుమతి. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. అయినా మధ్యలో సైన్స్ మాయమైపోయింది.

కోర్టు ఈ చిక్కుముడిని విప్పింది. 50 లక్షల మంది తాగే నీళ్ల విషయంలో అనిశ్చితి ఉంటే ఆ భారం ఎవరు మోయాలి? తాగేవాళ్లు మోయకూడదు, కొత్తగా ఫ్యాక్టరీ పెడతానన్నవాడు మోయాలి. హాని ఉందని ప్రజలు రుజువు చేయనక్కర్లేదు, హాని లేదని అతనే రుజువు చేయాలి. ముందుజాగ్రత్త సూత్రం అంటే ఇదే. అంతకుముందు తమిళనాడులోని వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో 1996లోనే వచ్చిన సూత్రానికి ఇక్కడ పునాది లోతుగా వేశారు. కోర్టు తన సొంత తెలివి మీదే ఆధారపడలేదు. జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీని, మన తార్నాక దగ్గరున్న ఎన్‌జీఆర్‌ఐని, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థను, బొంబాయి విశ్వవిద్యాలయం కెమికల్ టెక్నాలజీ విభాగాన్ని పరిశీలించి చెప్పమంది. చివరికి 2000 డిసెంబర్ 1న ఫ్యాక్టరీకి అనుమతి లేదని తేల్చింది. ప్రభుత్వమిచ్చిన మినహాయింపు కూడా చెల్లదంది.

1999 తీర్పులో ఇంకో మాట ఉంది. ఇలాంటి కేసులు జడ్జీలు ఒక్కరే తేల్చలేరు, పక్కన శాస్త్రం తెలిసినవాళ్లు కూర్చోవాలి అని. తర్వాత జగన్నాధరావు గారే లా కమిషన్ చైర్మన్ అయ్యారు. 2003లో 186వ నివేదిక ఆయన ఆధ్వర్యంలోనే వచ్చింది, పర్యావరణ కోర్టులు పెట్టమని. 2010లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ వచ్చింది, అందులో జడ్జీల పక్కన నిపుణులైన సభ్యులు కూర్చుంటారు. దేశానికి గ్రీన్ ట్రిబ్యునల్ ఇచ్చిన దారిలో మన హిమాయత్‌సాగర్ నీళ్లు ఉన్నాయి. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

సరే. 2022 ఏప్రిల్ 12న జీవో 69 వచ్చింది. 111లోని ఆంక్షలు ఎత్తేస్తున్నామంది. కారణం: నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, జంట జలాశయాల వాటా ఒకటింబావు శాతం కంటే తక్కువ. షరతు: జలాశయాల నీటి నాణ్యత ఏ విధంగానూ చెడకూడదు. మరి చెడకుండా ఎలా చూడాలి? అది తేల్చడానికి ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీ. సభ్యులు వివిధ శాఖల ఉన్నతాధికారులు. మరుసటి ఏడాది మేలో మంత్రివర్గం 111ను పూర్తిగా రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది.

వరస చూశారా? ఆంక్షలు ముందు పోయాయి, ఏం చేస్తే నీళ్లు బాగుంటాయో తేల్చే కమిటీ తర్వాత వచ్చింది. నా అభ్యంతరం ఇక్కడే. ఏ పార్టీ ప్రభుత్వం అన్నది నాకు అనవసరం, ఈ అలవాటు అందరికీ ఉంది.

ఆ ఒకటింబావు శాతం లెక్క తాగునీటి లెక్క. కానీ ఈ జలాశయాలు పుట్టింది వరద కోసం. 2020 అక్టోబర్‌లో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది. 2025 సెప్టెంబర్ చివరి వారంలో జలాశయాల నుంచి వదిలిన నీళ్లు మూసీ పట్టక ఎంజీబీఎస్ బస్టాండులోకే వచ్చాయి, ప్రయాణికుల్ని బయటికి తేవడానికి తంటాలు పడ్డారు. ఎగువన నేల సిమెంటుతో కప్పేస్తే ఇదే వాన ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువగా జలాశయంలోకి వస్తుంది. ఎంత ఎక్కువగా? లెక్క కట్టవచ్చు. మన ఊళ్లోనే ఐఐటీ ఉంది, జేఎన్‌టీయూ ఉంది, ఎన్‌జీఆర్‌ఐ ఉంది. జీవో 69కి ముందు ఆ లెక్క కట్టించి జనం ముందు పెట్టి, అప్పుడు తీయదలచుకుంటే తీయాల్సింది.

ఇప్పుడు మీలో కొందరికి నచ్చని మాట చెప్తాను. 111 పవిత్ర గ్రంథమేమీ కాదు. 10 కిలోమీటర్ల గీత స్కేలుతో గీసినట్టుంటుంది. నీళ్లు అలా నడవవు, పల్లం చూసుకుని నడుస్తాయి. 10 కిలోమీటర్ల లోపల కూడా నీళ్లు ఇంకో దిక్కుకు పారే నేల ఉండొచ్చు. అవతలేమో మూసీ పుట్టే వికారాబాద్ అనంతగిరి దాకా పరీవాహక ప్రాంతమే, దానికి ఈ 10 కిలోమీటర్ల ఆంక్షలు లేవు. కాబట్టి సైన్స్ నిజంగా బలపడితే 111 ఉన్నది ఉన్నట్టు ఉండాలని చెప్పదు. గీతను వాలు ప్రకారం తిరిగి గీయమంటుంది. కొన్ని ఊళ్లు బయటికొస్తాయి, కొన్ని లోపలికి వెళ్తాయి.

ఆ 84 ఊళ్ల రైతుల బాధ కూడా నిజమే. అవతల పొలం కోట్లు పలుకుతుంటే ఇవతల పొలం ధర ఎదగదు. నగరం నీళ్ల కోసం, నగరం వరద కోసం ఆ రైతు ఎందుకు నష్టపోవాలి? న్యాయమైన ప్రశ్న. దీనికి హైడ్రాలజీలో, అంటే నీళ్ల శాస్త్రంలో, సమాధానం లేదు. ఇది పంపకాల ప్రశ్న, రాజకీయమే తేల్చాలి. నష్టపరిహారం ఇస్తారా, అభివృద్ధి హక్కుల బదిలీ (ఇక్కడ కట్టుకోలేని హక్కును వేరేచోట వాడుకోవడమో అమ్ముకోవడమో) ఇస్తారా, మాట్లాడుకోవచ్చు. రైతుకు న్యాయం చేయడం కోసం ఎత్తేస్తున్నాం అని సూటిగా చెప్తే అది ఒక వాదన, దాన్ని వాదనగా ఎదుర్కొంటాం. నీళ్లకేమీ కాదు కాబట్టి ఎత్తేస్తున్నాం అంటే మాత్రం, ఎవరు కొలిచారు అని అడగాల్సి వస్తుంది.

హైదరాబాద్ దాటి కాస్త బయటికి వెళ్దాం. ఒక ప్రాజెక్టుకు పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక, మీరు ఈఐఏ అంటారు కదా, అది రాసే కన్సల్టెంటుకు డబ్బిచ్చేది ఎవరు? ప్రాజెక్టు పెట్టే కంపెనీయే. 1994 నోటిఫికేషన్ నుంచీ అంతే, 2006 నోటిఫికేషన్‌లోనూ అంతే. ఆ కన్సల్టెంట్లలో నిజాయితీగా పనిచేసేవాళ్లున్నారు, నాకు తెలుసు. కానీ "ఈ స్థలం పనికిరాదు" అని రాసిన కన్సల్టెంటుకు రెండో పని దొరకడం కష్టమని వాళ్లకీ తెలుసు. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని నివేదికలో రష్యా గని నివేదిక పేరాలు యథాతథంగా దిగిపోయాయి. అది బయటపడింది కాబట్టి మనకు తెలిసింది.

సోంపేట అంతకంటే దారుణం. శ్రీకాకుళం జిల్లాలో 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకు కేంద్రం అనుమతి ఇచ్చింది. కాగితాల్లో అది పనికిరాని భూమి. అక్కడి జనం దాన్ని బీల అంటారు. ఏడాదిలో చాలా భాగం తడిగా ఉండే లోతట్టు నేల. చేపలు, సాగునీళ్లు, పక్షులు అన్నీ దాని మీదే. మత్స్యకారులకీ రైతులకీ ఇది తెలియడానికి డిగ్రీలు అక్కర్లేదు. వాళ్లు మొత్తుకున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది, అది చిత్తడి నేల అని. అదే రోజు! ఒక్కరు ముందే వెళ్లి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి చూసి, చూసింది రాసి ఉంటే ఆ ఇద్దరూ బతికేవాళ్లు. నేను సైన్స్ అంటున్నది ల్యాబులో ఉన్నదాన్ని మాత్రమే కాదు. చూసి, కొలిచి, చూసింది చూసినట్టు రాయడం. బీల పక్కన పుట్టినవాడి మాట కూడా అందులోకి రావాలి, పరీక్షించి తీసుకోవాలి.

విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం గురించి ఒక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు ట్యాంకు నుంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరి వచ్చి 12 మంది చనిపోయారు. సరైన పర్యావరణ అనుమతి లేకుండా నడుస్తున్నామని కంపెనీయే అంతకు ఏడాది ముందు అఫిడవిట్‌లో ఒప్పుకుంది. రాష్ట్ర ప్రభుత్వ హై పవర్ కమిటీ తర్వాత చూస్తే ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగున మాత్రమే ఉంది. పైన వేడెక్కుతున్న సంగతి ఎవరికీ తెలియలేదు. ఒక్క థర్మామీటర్ పైన కూడా ఉంటే? అనుమతి ఇచ్చిన తర్వాత ఎవరైనా వెళ్లి చూస్తారా అన్నది మన వ్యవస్థలో అన్నిటికంటే బలహీనమైన చోటు. ఆర్నెల్లకోసారి నివేదిక పంపాలి, పంపేది కంపెనీయే. వెళ్లి చూడాల్సిన కాలుష్య మండళ్లలో దేశవ్యాప్తంగా సగానికి దగ్గరగా పోస్టులు ఖాళీ. ఖాళీ కుర్చీ శాంపిల్ తీయదు కదా.

మరి ఏం చేయాలి అంటే, నాకు తోచినవి చెప్తాను. వీటిలో కొన్ని కష్టం, కొన్ని రేపే చేయొచ్చు.

రేపే చేయగలిగింది ముందు. ప్రభుత్వం ఒక నిపుణుల కమిటీ మాట కాదనాలనుకుంటే కాదనొచ్చు, ఆ హక్కు ఉంది, ఎన్నికైనవాళ్లు వాళ్లే. కానీ ఎందుకు కాదన్నామో అదే జీవోలో రెండు పేరాలు రాయాలి, కమిటీ నివేదికను జీవోతో పాటు జనానికి ఇవ్వాలి. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా ఇదే అన్నిటికంటే ఆలస్యంగా వస్తుందని నా అనుమానం.

డబ్బు విషయం కాస్త కష్టం. కన్సల్టెంటు ఫీజు కంపెనీ నేరుగా ఇవ్వకుండా ఒక నిధిలో వేయాలి. కన్సల్టెంటును లాటరీ తీసి పంపాలి. పరిశ్రమవాళ్లు ఆలస్యమవుతుందంటారు. సోంపేటలో తొందరపడి ఏం సాధించారని తిరిగి అడగొచ్చు.

ఇంకోటి, భాష. పూర్తి ఈఐఏ నివేదిక ఇంగ్లిషులో వందల పేజీలు ఉంటుంది. ఊరివాళ్లకు తెలుగులో ఇచ్చేది సారాంశం. సారాంశంలో కొలతలు ఉండవు, హామీలు ఉంటాయి. గాలి, నీరు, శబ్దం కొలతల పట్టికలైనా తెలుగులో ఇవ్వాలి. అంకెలకు అనువాదం పెద్ద పనేం కాదు.

మా శాస్త్రవేత్తల సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. మేం నోరు విప్పం. సర్వీసు రూల్సు ఉన్నాయి, నిజమే. రిటైరయ్యాక విప్పుతాం, నాలాగా. (నవ్వులు) యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లకు అంత ఇబ్బంది లేదు. పబ్లిక్ హియరింగ్‌కి, అంటే ప్రాజెక్టు మీద పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ సభకు, వెళ్లి ఒక్క పేజీ అభిప్రాయం లిఖితపూర్వకంగా ఇస్తే అది రికార్డులోకి ఎక్కుతుంది. రేపు కేసు గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్తే ఆ కాగితం అక్కడ కనబడుతుంది. మన రెండు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచికి వెళ్తాయి. శంషాబాద్ రైతుకు అది దూరం, సోంపేట మత్స్యకారుడికి ఇంకా దూరం. అనుమతిని సవాలు చేయడానికి గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. రైలు టికెట్ దొరికేలోపు సగం గడువు పోతుంది.

టైమ్ అయిపోయిందని అధ్యక్షుల వారు వాచీ చూపిస్తున్నారు. ఎమ్మెస్సీ విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తాను. పర్యావరణ అనుమతుల వివరాలుండే కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో మీ జిల్లా ప్రాజెక్టు ఒకటి వెతకండి. పబ్లిక్ హియరింగ్‌కి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి మీకు నెల టైమ్ ఉంటుంది. నివేదిక మొత్తం చదవక్కర్లేదు. శాంపిళ్లు తీసిన తేదీలు, తీసిన చోట్లు ఉన్న పట్టిక చూడండి. చాలా ప్రాజెక్టులకు వానాకాలం వదిలేసి ఒక్క సీజన్ కొలతలు చాలు, అందుకే వాగు ఎండినప్పుడు తీసిన ఫొటోలే ఎక్కువ కనబడతాయి. ఆ తేదీలకు వాతావరణ శాఖ వర్షపాతం లెక్కలు పక్కన పెట్టి చూడండి. తర్వాత ఆ నెలలోనే ఆ చోట్లకు వెళ్లి మీరే శాంపిల్ తీయండి. తేడా వస్తే మీ కొలతలు పట్టికగా రాసి హియరింగ్‌లో ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. జీవో 111 పరిధిలోని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్లకే మైకు ఇద్దాం.